3బి జీపుకి వెడల్పు హౌసింగులు వేసి ఎత్తు లేపుదామనుకుంటున్నా, ఆపేవాళ్లుంటే ఇప్పుడే ఆపండి

కోనసీమ_3బి | శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాసింది లేదు, ఇదే మొదటి పోస్టు. మా పెదనాన్నగారి జీపు, మహీంద్రా సీజే-3బి, ఎత్తు బానెట్టుది, హరికేన్ పెట్రోలు ఇంజను, ఆర్సీలో 1967 అని ఉంది. చాలా ఏళ్లు కొబ్బరితోటలో పాక కింద పడి ఉంది. కిందటేడు ఇంజను చేయించాను, అది ఇప్పుడు బాగానే ఉంది.

సమస్యంతా కింద. 50 దాటితే ముందు చక్రాలు ఊగడం మొదలెడతాయి, స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోతుందేమో అన్నట్టు. ఫోర్‌వీల్ వేస్తే పడుతుంది కానీ మళ్లీ రాదు, రివర్సులో నాలుగడుగులు పోనిస్తేనే లివరు వదులుతుంది. వెనక ఎడమ డ్రమ్ములోంచి ఆయిలు.

మా దగ్గర ఒక మెకానిక్ ఏమన్నాడంటే ఈ పాత హౌసింగులు (చక్రాల మధ్య ఉండే ఇరుసు గొట్టాలు) రెండూ తీసి తుక్కుకి వేసేయ్, కొత్తరకం మహీంద్రా బండిది వెడల్పు జత దొరుకుతుంది, కమాన్లు, అంటే స్ప్రింగు పట్టీలు, హౌసింగు పైకి ఎక్కించి 31 అంగుళాల టైర్లు వేద్దాం, లక్షా ముప్పైలో అయిపోతుంది అని. చలికాలం మారేడుమిల్లి వెళ్లాలని ఫ్రెండ్స్‌తో మాట అయిపోయింది. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. ఏమంటారు?

జిప్సీ_రాజమండ్రి | శనివారం రాత్రి 11:05

వేసెయ్ బ్రో. ఫోటో పెట్టడం మాత్రం మర్చిపోకు.

ఆటోనగర్_బాబాయ్ | ఆదివారం ఉదయం 6:20

అడ్వాన్సు ఇవ్వకపోవడం మంచిపని అయింది. అబ్బాయీ, నువ్వు చెప్పిన మూడు జబ్బులకీ వెడల్పు హౌసింగు మందు కాదు. ముందు ఒక పూట కూర్చుని మూడు పనులు చెయ్యి, పైసా ఖర్చు లేదు.

ఒకటి, రేషియో చూడు, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి ఇంజను వైపు నుంచి వచ్చే జాయింట్ రాడ్డు ఎన్ని చుట్లు తిరగాలో. వెనక ఒక్క చక్రమే జాకీ మీద లేపు, రెండోది నేల మీదే ఉండాలి, గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేకు వదిలెయ్యి. టైరు మీద సుద్దతో ఒక గీత, జాయింట్ రాడ్డు మీద ఒక గీత. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పు, రాడ్డు ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరు లెక్కపెట్టాలి. ఒక చక్రం ఆగి ఉంటుంది కాబట్టి రెండో దానికి రెండు చుట్లు తిప్పితేనే లోపల క్రౌను, అంటే పెద్ద పళ్లచక్రం, ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే రెండు. 3బికి వచ్చేది 5.38, అంటే 43 పళ్ల క్రౌను, దాన్ని తిప్పే చిన్నది 8 పళ్ల పినియన్. అయిదు చుట్లు దాటి ఇంకో మూడో వంతు పైచిలుకు రావాలి. ఇదే పని ముందు హౌసింగుకీ చెయ్యి. రెండూ ఒకటేనా కాదా అది చెప్పు నాకు.

రెండు, ఒకర్ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించమను, నువ్వు కింద పడుకుని మధ్యలో ఉన్న బెల్‌క్రాంక్, అంటే స్టీరింగ్ కదలికని చక్రాలకి మళ్లించే ముక్క, చూడు. అది పైకీ కిందకీ ఊగుతుంటే చక్రాలకి ఉయ్యాల అక్కణ్ణుంచే.

మూడు, ముందు షాకిళ్లు, అంటే కమాను కొసని ఛాసిస్‌కి తగిలించే కొక్కేలు, ఎంత పొడుగున్నాయో కొలువు. పాత బండ్లకి ఎవడో ఒకడు పొడుగు షాకిళ్లు కొట్టించి ఉంటాడు, నేను చూసిన వాటిల్లో సగానికి ఇదే కథ.

జిప్సీ_రాజమండ్రి | ఆదివారం ఉదయం 9:48

బాబాయ్‌గారు చెప్పినవి చెయ్యాల్సిందే, కాదనను. కానీ కమాన్లు పైకి ఎక్కించడం గురించి నా అనుభవం చెప్తా, ఎందుకంటే నా జిప్సీకి చేశాను. దానికీ కంపెనీ నుంచి కమాను హౌసింగు కిందే ఉంటుంది, మీ జీపుకి లాగే. పైకి మారిస్తే ఒక్క దెబ్బకి దాదాపు అయిదంగుళాలు లేస్తుంది. చూడ్డానికి అదిరిపోద్ది.

తర్వాత అసలు కథ. బురదలో ఫస్టు గేరులో రేసు ఇస్తే హౌసింగు మెలి తిరిగి పినియన్ ముక్కు ఆకాశం చూస్తుంది, కమాను ఎస్ ఆకారంలోకి వంగుతుంది. రాడ్డు కొసల్లో కీళ్లలా ఉండే క్రాసులు రెండు పోయాయి. డ్రాగ్ లింకు అనే స్టీరింగ్ రాడ్డు కమానుకి కొట్టుకుంటుంటే స్టీరింగ్ రాడ్లన్నీ పైనుంచి వచ్చేలా మార్పించా. తర్వాత బ్రేకు గొట్టాలు చాల్లేదు, షాకబ్జర్లు చాల్లేదు. అయిదంగుళాలు లేపడానికి వారం పట్టింది, ఆ అయిదంగుళాల తప్పులు దిద్దడానికి ఏడాదిన్నర.

అయినా చేసినందుకు బాధ లేదు నాకు. అది వేరే విషయం.

డెన్వర్_తెలుగు | ఆదివారం మధ్యాహ్నం 12:15

ఇక్కడ నా దగ్గర 1948 సీజే-2ఏ ఉంది, కింద సామానంతా మీ 3బికి అన్నదమ్ములే. 80 అంగుళాల వీల్‌బేస్. అసలు విషయం అక్కడే ఉంది. వెనక జాయింట్ రాడ్డు రెండడుగుల లోపే ఉంటుంది. జిప్సీకి ట్రాన్స్‌ఫర్ కేసు (ముందుకీ వెనక్కీ బలం పంచే పెట్టె) విడిగా వెనక్కి ఉన్నా వీల్‌బేస్ 2375 మిల్లీమీటర్లు కాబట్టి కాస్త చోటు దొరుకుతుంది, మన దాంట్లో దొరకదు. పొట్టి రాడ్డు మీద అయిదంగుళాలు లేపితే కోణం ఎంత అవుతుందో కాగితం మీద గీసి చూసుకోండి.

ఇంకోటి, వెడల్పు జత అని మీ మెకానిక్ చెప్పే హౌసింగు ఏ బండిదో అడగండి. మన జీపు ట్రాన్స్‌ఫర్ కేసు, స్పైసర్ 18, ముందుకీ వెనక్కీ రెండు రాడ్లనీ కుడివైపుకే ఇస్తుంది. అందుకే జీపు హౌసింగుల గుండు, అంటే క్రౌనూ పినియనూ ఉండే ఉబ్బు, మధ్యలో ఉండదు, కుడికి జరిగి ఉంటుంది. టూవీల్ బండి వెనక హౌసింగు తెచ్చారనుకోండి, గుండు మధ్యలో ఉంటే రాడ్డు కిందకీ పక్కకీ రెండువైపులా వంకరగా నడుస్తుంది. కిందకి 12 డిగ్రీలు, పక్కకి 8 అనుకుంటే క్రాసు మీద పడేది 14 దాటుతుంది. ఇరవై కాదు, పన్నెండూ కాదు. పక్క వంకర కంటికి ఆనదు, అందుకే జనం దాన్ని లెక్కలోకి తీసుకోరు, తర్వాత వణుకు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలీక తల పట్టుకుంటారు.

నేను ఎత్తు లేపలేదు. షాకిల్ రివర్స్ చేశా. మన బండికి ముందు కమాను షాకిల్ బంపరు వైపు ఉంటుంది, స్థిరమైన కొస వెనక. రాయి తగిలి కమాను సాగినప్పుడు చక్రం రాయి మీదకే ముందుకి జరుగుతుంది. షాకిల్‌ని వెనక్కి మారిస్తే చక్రం వెనక్కి తగ్గుతుంది, దెబ్బ తగ్గుతుంది. యూటాలోని మోయాబ్ రాళ్ల మీద తేడా బాగా తెలిసింది. కానీ ముందు రాడ్డు స్లిప్ ఎక్కువ సాగాలి, బ్రేకు కొడితే ముక్కు ఎక్కువ వంగుతుంది. కోనసీమ మట్టిరోడ్డుకి ఇది అవసరమా అంటే, నిజం చెప్పాలంటే అక్కర్లేదు.

మన్యం_డ్రైవర్ | ఆదివారం సాయంత్రం 5:30

మారేడుమిల్లి రోడ్డుకి ఎత్తు ఎందుకండీ. మేం కమాండర్ జీపులో పద్నాలుగు మందిని ఎక్కించుకుని అంతకంటే ఘోరమైన దారుల్లో తిరిగాం, కంపెనీ ఎత్తే. ఘాట్‌లో కావాల్సింది బ్రేకు. మీ 3బికి 9 అంగుళాల డ్రమ్ములు, మాస్టర్ సిలిండరు ఒకటే లైను, ఎక్కడ గొట్టం పోయినా నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు. దాని మీద 31 టైరు వేస్తానంటున్నారు. మీ ఇష్టం.

కోనసీమ_3బి | సోమవారం రాత్రి 9:10

బాబాయ్‌గారూ, చేశాను. చెప్తే నమ్మరు.

మా తమ్ముణ్ణి, అంటే బాబాయి కొడుకుని, రాడ్డు దగ్గర పడుకోబెట్టా. సుద్ద దొరక్క ముగ్గుపిండి తడిపి గీతలు పెట్టాం. వెనక చక్రం రెండు చుట్లు తిప్పితే రాడ్డు అయిదు చుట్లు అయ్యాక గీత కిందకి దాటి ఇంకొంచెం వెళ్లింది, మీరన్నట్టే మూడో వంతు పైన. సరే బాగుంది అనుకుని ముందుకి వెళ్లాం. అక్కడ వాడు 'అన్నయ్యా, అయిదు కూడా కాలేదు' అన్నాడు. మళ్లీ తిప్పాం. మళ్లీ. నాలుగు చుట్లు అయ్యాక అయిదోది పూర్తవడానికి ఇంకో ఎనిమిదో వంతు మిగిలే ఉంది గీతకి. మూడుసార్లూ అంతే. 4.88 అన్నమాట.

బెల్‌క్రాంక్ ఊగడం కాదు, గంట కొట్టినట్టు టంగ్ టంగ్ మంటోంది. షాకిళ్లు ముందువి, వెనకవాటి కంటే రెండంగుళాలు పొడుగు, వాటి మీద గ్యాస్ వెల్డింగు మచ్చలున్నాయి. మా పెదనాన్నగారిని అడిగితే '77 తుఫానుకి ముందో తర్వాతో ముందు హౌసింగు విరిగిందనీ, వేలంలో కొన్న మిలిటరీ జీపుదేదో తెచ్చి వేయించాననీ గుర్తు తెచ్చుకున్నారు.

ఆటోనగర్_బాబాయ్ | సోమవారం రాత్రి 9:41

అదీ సంగతి. యుద్ధకాలం విల్లీస్‌కి 4.88 వచ్చేది, 39 పళ్లు, 8 పళ్లు. హౌసింగు డానా 25, సైజు అదే, బోల్టులు అవే, అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది. లోపల పళ్లు ఎన్నో ఎవరు చూస్తారు. టూవీల్‌లో నడిపినంతకాలం తెలీదు.

ఫోర్‌వీల్ వేస్తే ముందూ వెనకా రాడ్లు ఒకే వేగంతో తిరగాలి కదా. అప్పుడు వెనక చక్రాలు వంద మీటర్లు వెళ్లాలనుకుంటే ముందువి నూటపది వెళ్లాలనుకుంటాయి. బురదలో జారి సర్దుకుంటాయి, గట్టినేల మీద సర్దుకోవు, ఆ మెలి అంతా ట్రాన్స్‌ఫర్ కేసు పళ్ల మీద బిగుసుకుంటుంది. రివర్సు పోనిస్తే మెలి విప్పుకుంటుంది, అందుకే లివరు వదులుతోంది. నలభై ఏళ్లు ఆ పళ్లు విరక్కుండా ఉన్నాయంటే మీ పెదనాన్నగారు ఫోర్‌వీల్ వేసిందే తక్కువ అయ్యుంటుంది.

కొత్త_మెంబర్_22 | సోమవారం రాత్రి 10:02

మధ్యలో వస్తున్నందుకు సారీ. షాకిల్ పొడుగైతే స్టీరింగ్ ఎందుకు ఊగుతుంది? ఎత్తు పెరగడమే కదా?

ఆటోనగర్_బాబాయ్ | సోమవారం రాత్రి 10:25

మంచి ప్రశ్న తమ్ముడూ. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా కాకుండా వెనక్కి వాలి ఉంటుంది చూడు, అందుకే చేతులు వదిలినా నిటారుగా పోతుంది. ఆ వాలునే క్యాస్టర్ అంటారు. జీపుకి 3 డిగ్రీలు. ఇప్పుడు ముందు కమాను 36 అంగుళాల పొడుగు, వెనక కొస ఛాసిస్‌కి స్థిరం, ముందు కొస షాకిల్‌కి. షాకిల్ రెండంగుళాలు సాగదీస్తే కమాను ముందుకి వాలుతుంది, దాని మీద కూర్చున్న హౌసింగు కూడా ముందుకి వాలుతుంది. రెండున్నర డిగ్రీలు పోతాయి. మిగిలేది అర డిగ్రీ. అర డిగ్రీతో, టంగుమనే బెల్‌క్రాంక్‌తో 50లో వెళ్తే చక్రాలు ఊగక ఏం చేస్తాయి, హారతి పడతాయా.

దీనికి మందు, పొట్టి షాకిల్ వేసెయ్యడం. కొందరు హౌసింగుకీ కమానుకీ మధ్య ఇనప సీల పెడతారు, మందం వైపు ముందుకి ఉండేలా. అదీ పనిచేస్తుంది కానీ పినియన్ ముక్కు కిందకి దిగి రాడ్డు కోణం పెరుగుతుంది. అల్యూమినియం సీలలు మాత్రం వద్దు, పగులుతాయి.

జిప్సీ_రాజమండ్రి | మంగళవారం ఉదయం 8:15

అయితే ఎలాగూ ముందు హౌసింగు విప్పాలి కదా, విప్పాక కొత్తది వేస్తే పోలా? డిస్కు బ్రేకులు కూడా వచ్చేస్తాయి. వెనక హౌసింగుకి టేపర్ (కొసకి సన్నబడే) షాఫ్టులు, కీ పెట్టిన హబ్బులు, షాఫ్టు విరిగితే చక్రం డ్రమ్ముతో సహా బయటికి నడుచుకుంటూ పోతుంది. దాన్ని ఎందుకు అంత ప్రేమించడం?

డెన్వర్_తెలుగు | మంగళవారం ఉదయం 8:50

టేపర్ షాఫ్టు మాట నిజం. కానీ విరగడానికి కారణం చాలాసార్లు హబ్ నట్టు సరిగ్గా బిగించకపోవడం. 150 ఫుట్-పౌండ్లకి తక్కువ ఉండకూడదు, తర్వాతే కాటర్ పిన్ను. నట్టు లూజైతే కీ నలుగుతుంది, కీ నలిగాక షాఫ్టు గాడి పోతుంది. 28 అంగుళాల టైరుతో 75 గుర్రాల ఇంజనుతో బాగా బిగించిన డానా 44ని, అంటే మన వెనక హౌసింగుని, విరగ్గొట్టడం కష్టం. 33 టైర్లు, వీ8 ఇంజను అంటే అప్పుడు మార్చాలి.

టైరు గురించి కూడా ఒక లెక్క. 6.00-16 టైరు సుమారు 28 అంగుళాలు. దాని బదులు 31 వేస్తే 5.38 కాస్తా 4.86లా నడుస్తుంది. అంటే క్రౌన్-పినియన్‌కి డబ్బు పోసి తెచ్చుకున్న లాగుడు టైరుకి డబ్బు పోసి పోగొట్టుకుంటారు.

ఆర్సీ_ఫైలు | మంగళవారం మధ్యాహ్నం 1:30

ఎవరూ ఎత్తని విషయం ఒకటి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. 182ఎ కింద ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా ఉంది. 'అందరూ వేస్తున్నారు కదా' అంటే వేస్తున్నారు, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయరు కింద టార్చి వేసి చూస్తాడు.

ఇంకోటి, మీది 1967 బండి, యాభై ఏళ్లు దాటింది. 2021లో వచ్చిన 81ఎ రూలు కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది, వీఏ అక్షరాల నంబరు, ఇరవై వేల ఫీజు, పదేళ్లు చెల్లుతుంది. కానీ బండి అసలు రూపంలో ఉండాలి. ఇప్పుడు హౌసింగులు మార్చి కమాన్లు ఎక్కిస్తే ఆ తలుపు మీరే మూసుకున్నట్టు. అలాగని వీఏ తీసుకుంటే రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ రిపేర్లకీ అంతే, మారేడుమిల్లి విహారయాత్ర అందులో రాదు. మామూలు రిజిస్ట్రేషనే అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ ఉంటే తిరగొచ్చు. ఏది కావాలో ముందు తేల్చుకోండి.

జిప్సీ_రాజమండ్రి | మంగళవారం మధ్యాహ్నం 1:44

నా పోస్టులన్నీ డిలీట్ చేయడం ఎలాగో ఎవరైనా చెప్పండి 😅

కోనసీమ_3బి | మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:35

ఆలస్యానికి క్షమించాలి. వెడల్పు జత వద్దని చెప్పేశాను, మెకానిక్‌కి కోపం వచ్చింది, మళ్లీ మాట్లాడుకున్నాం, పని ఆయనే చేశాడు. పళ్ల పని మాత్రం విజయవాడ తీసుకెళ్లా.

ముందు హౌసింగుకి 43-8 క్రౌన్-పినియన్ దొరికింది, విజయవాడలో రెండు రోజులు తిరిగితే. 4.88నే రెండువైపులా ఉంచుదామా అని కూడా ఆలోచించా, రోడ్డు మీద కాస్త హాయిగా ఉంటుంది కదా అని, కానీ వెనకది బాగున్నప్పుడు విప్పబుద్ధి కాలేదు. పెద్దాయన ఒకాయన కూర్చుని పళ్లకి నీలం పూసి తిప్పి, మచ్చ ఎక్కడ పడుతోందో చూసి, షిమ్ము (సందు సరిచేసే పలచటి రేకు) తీసి, మళ్లీ పూసి, ఆరుసార్లు. మధ్యలో టీ తెప్పిస్తే చల్లారిపోయింది, తాగలేదు. బ్యాక్‌లాష్, అంటే పళ్ల మధ్య వదులు, ఆరు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) దగ్గర ఆపాడు. 'ఇంక చాలు, ఇది నీకంటే ఎక్కువకాలం బతుకుద్ది' అన్నాడు.

కమాన్లు పూర్తిగా విప్పి, ఆకులు కడిగి, వంపు కొట్టించి, మధ్యలో గ్రీజు పెట్టి కట్టించా. దాంతోనే ముప్పాతిక అంగుళం లేచింది. ఎత్తు పిచ్చి దానితో తీర్చుకున్నా. షాకిల్ దగ్గర ఒక రోజు పోయింది. పాత యూ షాకిల్‌కి మర ఉంటుంది, అందులో ఒకటి ఎడమ మర, అంటే మామూలుకి వ్యతిరేకంగా తిప్పితేనే వదిలేది. ఆ సంగతి మాకెవరికీ తెలీదు, నాలుగడుగుల పైపు తొడిగి ఇద్దరం వేలాడాం, బిగించే వైపు. మా తమ్ముడు నూనెగుడ్డతో తుడిస్తే మర వాలు అటువైపు కనబడింది. వాడికి బిర్యానీ బాకీ.

బెల్‌క్రాంక్ కొత్త పిన్నూ బుష్షులూ వేశాం. ముందు చక్రం మలుపు తిరిగే కీలు, అదే కింగ్‌పిన్, దాని షిమ్ములు పైనా కిందా సరిచేశాం. కింగ్‌పిన్ మూత మీద ఫోను పెట్టి చూస్తే క్యాస్టర్ 2.8 వచ్చింది. యూ బోల్టులు పాతవి వాడలేదు, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాం, అన్నిట్లోనూ పావు చుట్టు వచ్చింది.

నిన్న రావులపాలెం దాకా వెళ్లొచ్చా. 65లో చేతులు తేలిగ్గా పెట్టి చూశా, ఊగలేదు. గోదావరి గట్టు దిగి ఇసకలో ఫోర్‌వీల్ వేసి, బయటికొచ్చి లివరు లాగితే వేలితో వచ్చేసింది. ఎందుకో తెలీదు, మూడుసార్లు వేసి తీశా.

మన్యం_డ్రైవర్ | ఆదివారం రాత్రి 8:52

బ్రేకు?

కోనసీమ_3బి | ఆదివారం రాత్రి 9:03

గొట్టాలన్నీ కొత్తవి, వీల్ సిలిండర్లు కొత్తవి, వెనక ఆయిల్ సీలు మార్చాం. టైర్లు 6.00-16లే. హబ్ నట్టు టార్క్ రెంచితో 150కి బిగించా, ఆ రెంచి అద్దెకి తేవడానికి అమలాపురం రెండుసార్లు వెళ్లా. ఒక్కటి మాత్రం మిగిలింది. ఎడమవైపు వెనక చక్రం నట్లలో ఒకటి తీస్తుంటే స్టడ్డు విరిగింది. ఎంత బలంగా తిప్పినా...

ఆటోనగర్_బాబాయ్ | ఆదివారం రాత్రి 9:06

ఎడమవైపు చక్రాలకి కూడా ఎడమ మరే అబ్బాయీ. స్టడ్డు చివర 'ఎల్' అని ఉందేమో చూడు. ఇంకెన్ని విరిగాయి?

కోనసీమ_3బి | ఆదివారం రాత్రి 9:15

రెండు.